డాబాలమీది తీగలు

మీ యింటిలోని రేడియో మీకు మాట వినిపించును గాని మీ మాట వినదు. మీట త్రిప్పినచో వార్తలు వచ్చును, పాట వచ్చును, పాడిపంటల ముచ్చట వచ్చును. నచ్చని మాట చెవిని బడినప్పుడు మీరు ఆ పెట్టెతో ఎంత వాదించినను ఆ వాదము గది గోడలు దాటదు. పెక్కుమందికి ఇది కొరతగా తోచదు. ఏ కొందరికో తోచును. వారు ప్రభుత్వము పెట్టు పరీక్షకు కూర్చుండి, లైసెన్సు తీసికొని, తమకొక పిలుపుగుర్తు సంపాదించుకొని, ఇంటిలోనే చిన్న ప్రసారయంత్రము నిలుపుకొని, తమవంటివారితో ఆకాశమార్గమున మాటలాడుకొందురు. జీతమునకు కాదు, బేరమునకు కాదు, కేవలము ఇష్టమునకు. వీరినే అమెచ్యూరు రేడియోవారు అందురు. వాడుకలో 'హామ్'లు. మన దేశములో వీరి పిలుపుగుర్తులు సామాన్యముగా 'వి.యు.' అను రెండక్షరములతో మొదలగును.

ఈ హామ్‌లలో మరల ఒక చిన్న తెగ కలదు. అరచేతిలో ఇముడు క్రొత్త యంత్రములు అంగడిలో దొరకుచున్నను వానిని ప్రక్కకు నెట్టి, గాజుబుడ్లవంటి వాల్వులు వెలుగు పాత పెట్టెలనే వెదకి తెచ్చి, దుమ్ము దులిపి, ప్రాణము పోసి, వానితోనే మాటలాడు తెగ. మేమును ఆ తెగవారమే. మా నివాసములు హైదరాబాదునకు తూర్పున, దిల్‌సుఖ్‌నగర్ మొదలు ఎల్.బి.నగర్ వరకు గల కాలనీలలో చెదరియున్నవి. మొన్న ఒక పెండ్లిలో బంధువొకాయన, "మీవాళ్ళంతా ముసలివాళ్ళేనా? ఏం పనులు చేసినవాళ్ళు?" అని అడిగెను. నవ్వుచు ఏదో చెప్పి తప్పించుకొంటిమి గాని, ఆ ప్రశ్న మమ్ము విడువలేదు. మావారెవరు, ఎంతటి వయస్సువారు, ఏ యింటినుండి ఏ దారిని వచ్చినవారు అని మేమే ఎన్నడును సరిగా ఆలోచించియుండలేదు.

దిల్‌సుఖ్‌నగర్ అనగానే పరయూరివారికి బస్సుల రద్దీ, కంప్యూటరు శిక్షణాలయముల బోర్డులు, విద్యార్థుల హాస్టళ్ళు గుర్తునకు వచ్చును. లాల్‌బహదూర్ శాస్త్రిగారి పేర వెలసిన ఎల్.బి.నగర్ అనగా విజయవాడ బస్సు ఎక్కు చౌరస్తా. 2018 సెప్టెంబరు 24 నాడు మెట్రో రైలు అమీర్‌పేట నుండి ఇంతవరకు వచ్చినది. ఐతే మా ప్రాంతమునకు ఇంకొక ముఖము కలదు. చంద్రాయణగుట్టలో రక్షణశాఖవారి ఎలక్ట్రానిక్స్ పరిశోధనశాల, కంచన్‌బాగ్‌లో క్షిపణుల పరిశోధనశాల, రామంతాపూర్‌లో దూరదర్శన్ కేంద్రము, ఉప్పల్ దారిలో భూభౌతిక పరిశోధనసంస్థ, ఇంకను ఉత్తరముగా 1967లో అయ్యగారి సాంబశివరావుగారి నాయకత్వమున ఆరంభమైన ఇ.సి.ఐ.ఎల్. కర్మాగారము. వీనిలో పనిచేసినవారిలో పలువురు అప్పో సప్పో చేసి ప్లాట్లు కొని చంపాపేట, సరూర్‌నగర్, కొత్తపేట, వనస్థలిపురములందు ఇండ్లు కట్టుకొనిరి. తండ్రి జేబులో టెస్టరు, అటకమీద తీగచుట్టలు ఉండు ఇండ్లు ఇచ్చట కొల్లలు.

ఆ ప్లాట్లను గూర్చి ఒక ముచ్చట చెప్పక మానలేము. మా కాలనీలలో వాడుకగా అమ్ముడుపోయినది 200 గజముల ప్లాటు. వెడల్పు 30 అడుగులు, పొడవు 60 అడుగులు. పగటిపూట విజయవాడతోనో, కర్నూలుతోనో మాటలాడుటకు మేము వాడునది 7 మెగాహెర్ట్‌జుల ప్రాంతము. దానికి తగిన ఏరియలు తీగ పొడవు రమారమి 66 అడుగులు. డాబా పొడవున కట్టబోయిన 6 అడుగులు తక్కువ! ప్రక్కయింటివారి గోడపై మేకు కొట్టనీయరు. తుదకు ఎవరికో తట్టినది: మూలనుండి మూలకు కొలిచినచో 67 అడుగులు. బడిలో నేర్చిన లంబకోణ త్రిభుజము డాబామీద అక్కఱకు వచ్చినది. అప్పటినుండి మా కాలనీలలో ఎచ్చటనైనను డాబాకు అడ్డముగా, ఐమూలగా ఒక తీగ కనబడినచో అది బట్టలారవేసికొను తీగ కాదని మాకు వెంటనే తెలియును.

ఇక ప్రశ్నకు వత్తము. వయస్సు తెలిసికొనుటకు మావారిని పుట్టిన సంవత్సరము అడుగ నక్కఱలేదు. "మొట్టమొదట సోల్డరింగు పెట్టినది దేనికండీ?" అని అడిగినచో చాలును. జవాబునుబట్టి పదేండ్ల అటునిటులో వయస్సును, ఇంచుమించుగా ఉద్యోగమును చెప్పవచ్చును. ఏలయన, ఏ కాలములోనైనను ఈ పిచ్చి పట్టినది బీదవారికో మధ్యతరగతివారికో అయినచో, వారి చేతికి మొదట దొరకినది క్రొత్త సామాను కాదు. ఆ కాలము పారవేసిన సామాను.

మొదటి కాలపువారు మాత్రము అట్లు కాదు. 1921లో కలకత్తాలో మన దేశపు తొలి హామ్‌లుగా పేరొందిన అమరేంద్రచంద్ర గుప్త, ముకుల్ బోసు గార్ల నాట ఈ విద్య కలవారి యిండ్ల విద్య. యంత్రభాగములు ఓడలమీద రావలెను. మన తెలుగువారికి రేడియో చవి చూపినదియు ఔత్సాహికులే. 1924 మే 16న సి.వి. కృష్ణస్వామి చెట్టిగారు మదరాసులో రేడియో క్లబ్బు స్థాపించి, ఆ జూలై 31 నుండి ప్రసారములు జరిపించిరి. డబ్బు చాలక 1927లో క్లబ్బు మూతపడగా, వారి యంత్రము మదరాసు కార్పొరేషనుకు చేరి 1930 ఏప్రిల్ 1 నుండి మరల పలికినది. ప్రభుత్వపు రేడియో 1938లో గాని మదరాసునకు రాలేదు. హైదరాబాదులో 1935 ఫిబ్రవరి 3న మొదలైన దక్కన్ రేడియో శక్తి 200 వాట్లు. 2009 నాటి సవరణ జనరల్ తరగతి హామ్‌నకు 400 వాట్ల వరకు అనుమతించినది. అనగా నైజాం రాజ్యపు రేడియో కేంద్రమునకు రెట్టింపు శక్తి మా కాలనీలో ఒక మనిషి లుంగీ కట్టుకొని డాబామీది గదిలోనుండి వాడవచ్చునన్నమాట! వాడుటలేదు, కరెంటు బిల్లు చూచి.

రెండవ ప్రపంచయుద్ధము వచ్చినంతనే హామ్‌ల నోళ్ళు మూయించిరి. లైసెన్సులు రద్దయినవి. 1942లో ఉషా మెహతా, అప్పటికి 22 ఏండ్ల విద్యార్థిని, మిత్రులతో గూడి బొంబాయిలో కాంగ్రెసు రేడియోను రహస్యముగా నడపినప్పుడు యంత్రపు పని చూచినవారిలో నరిమన్ ప్రింటర్ అను హామ్ ఉండెను. ఆ కథ మీరు వినియేయుందురు.

యుద్ధము ముగియగా మిగిలినది తుక్కు. ఇచ్చటినుండి మా కథ మొదలు. బాంబరు విమానములలోనుండి ఊడదీసిన బి.సి.348 రిసీవర్లు, సైన్యపు ట్రాన్స్‌మిటర్లు, వేలకొలది వాల్వులు 'డిస్పోజల్' సామానుగా అంగళ్ళకు వచ్చినవి. మదరాసు మూర్‌మార్కెట్టు, మన కోఠీ గుజరాతీ గల్లీ, గురువారము గురువారము జరుగు జుమేరాత్ బజారు — ఇవియే ఆనాటి కుఱ్ఱవాండ్ర కళాశాలలు. విమానములోని రిసీవరునకు 28 వోల్టుల కరెంటు కావలెను. దానికై లోపల డైనమోటరు అను తిరుగుడుయంత్రము ఉండును. కుఱ్ఱవాండ్రు దానిని పెరికి, ఆ స్థానమున ఇంటి కరెంటునకు సరిపోవు ట్రాన్స్‌ఫార్మరు నిలిపిరి. మా తెగలో నేడు 80 దాటిన పెద్దల తొలి సోల్డరింగు అదియే. వారు పట్టుమని పదిమంది లేరు.

వారి ఉద్యోగములు? ఒకరు సైన్యములో సిగ్నల్సు శాఖ. ఒకరు రైల్వే. ఒకరు మలక్‌పేటలో రేడియో మరమ్మతు దుకాణము నడపి ముగ్గురు కూతుండ్ర పెండ్లిండ్లు చేసినవారు. ఇంగ్లీషు చదువ లేకున్నను వాల్వు కాళ్ళ లెక్క తప్పరు. వేరొకరు తంతి కార్యాలయములో పనిచేసినవారు. ఆయనను గూర్చి కొంచెము చెప్పవలెను. తంతివారికి మోర్సు భాష అన్నప్రాశననాడే అబ్బినదని మేమనుకొంటిమి. అట్లు కాదట. తంతి కార్యాలయములో సౌండరు అను పరికరము కట్ కట్ మని దెబ్బలు కొట్టును. రెండు దెబ్బల నడుమ ఎడము ఎంత ఉన్నదో దానినిబట్టి అక్షరము తెలియును. రేడియోలో దెబ్బ లేదు, సన్నని ఈల. పొట్టి ఈల, పొడుగు ఈల. "పాతికేండ్లు నిశ్శబ్దాన్ని విన్నవాణ్ణి, మళ్ళీ శబ్దాన్ని వినడం నేర్చుకోవలసి వచ్చింది" అని ఆయన చెప్పును. ఆ కాలపు గ్రేడు వన్ పరీక్షలో నిమిషమునకు 12 మాటల వేగము కావలెను. ఆయన రెండుమార్లు తప్పెనట! 2013 జూలైలో దేశమున తంతివార్తలు నిలిచిపోయిననాటి రాత్రి ఆయన తన పాత యంత్రము ముందు కూర్చుండి, ఎవరు వినుచున్నారో చూడక, గంటసేపు మోర్సు కొట్టుచుండెను.

రెండవ తరమువారు నేడు 60కి పైబడినవారు. వీరి తొలి సోల్డరింగు ట్రాన్సిస్టరు. బెంగుళూరు బి.ఇ.ఎల్. వాల్వులును, వాని వెనువెంటనే ట్రాన్సిస్టర్లును చేయసాగిన పిమ్మట సామాను కొఱకు యుద్ధపు తుక్కుపై ఆధారపడుట తగ్గినది. పరిశోధనశాలల వేలములు, పాత టెలివిజన్ల అట్టలు వీరికి గనులు. 1983లో హైదరాబాదున నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో స్థాపితమైనది. రాజ్‌భవన్ దారిలోని ఆ సంస్థకు మా వైపునుండి రెండు బస్సులు మారి పోయి పాఠములు వినినవారు వీరిలో కలరు. దేశ ప్రధానియే హామ్ అగుట — రాజీవ్ గాంధీగారి పిలుపుగుర్తు వి.యు.2 ఆర్.జి. — ఆ దినములలో కొందరి యిండ్లలో మంచి వాదమైనదట, "ప్రధానమంత్రికి తీరిక దొరికింది, నీకు పెరుగు తెచ్చే తీరిక లేదా?" అని అడిగిన ఇల్లాండ్రును కలరు. ఈ తరమువారు ఇంజనీర్లు, డిప్లొమావారు, టెలిఫోను శాఖవారు. వాల్వులను వీరు బాల్యమున ఇంటి రేడియోలో చూచిరే గాని వానితో పని నేర్వలేదు. ఉద్యోగవిరమణ అయిన పిమ్మట, తాతగారి వస్తువును తిరిగి తెచ్చుకొనినట్లు, వానివైపు తిరిగిరి.

స్త్రీలమాట ఏమందురా? దాచక చెప్పవలెనన్న, బహు తక్కువ. 2004 డిసెంబరులో హైదరాబాదు సంస్థ పక్షమున అండమానులకు పోయిన హామ్ బృందమునకు నాయకురాలు భారతీ ప్రసాద్ గారు. వారు పోర్టుబ్లెయిరులో ఉండగనే 26వ తేదీన సునామీ వచ్చెను. ద్వీపములకును ఇవతలి తీరమునకును నడుమ వార్తలు తెగిపోయిన ఆ దినములలో ఆమె బృందపు రేడియో ఎందరి క్షేమసమాచారమునో చేరవేసినది. అంతటివారు కలరు, కాని మా కాలనీలలో లైసెన్సు పొందిన స్త్రీలను వ్రేళ్ళమీద లెక్కింపవచ్చును. లైసెన్సు లేని విద్య మాత్రము వంటయింట కలదు. పైన చెప్పిన తంతి పెద్దగారి భార్య మోర్సు నేర్వలేదు. నలువదేండ్లు ప్రక్కగదిలో వినివిని, పప్పు ఎనుపుచు ఎనుపుచు, హఠాత్తుగా "ఏమండీ, మిమ్మల్నెవరో పిలుస్తున్నారు" అని కేక వేయును. ఆయన పిలుపుగుర్తు ఆమె చెవికి పేరువలె తెలియును. ఆమె ఒక్కనాడును పొరపడుట మేము చూడలేదు.

ఇచ్చట మా లెక్కలో ఒక గోయి తగిలినది. 60 పైబడినవారున్నారు. 25 లోపువారున్నారు, వారి మాట తరువాత చెప్పెదము. 30కిని 55కును నడుమ? మా తెగలో ఆ వయస్సు దాదాపు లేదు. సెల్‌ఫోనులు వచ్చెను గనుక ఎవరికిని రేడియోలో మాటలాడు అవసరము లేకపోయెనని అందఱు చెప్పుదురు. మాకది పూర్తిగా నమ్మబుద్ధి కాదు. అవసరమునకు ఎవ్వడును ఈ పని చేయలేదు. టెలిఫోను ఇంట నుండగనే చేసిరి. మా ఊహ వేరు. ఆ వయస్సువారు కుఱ్ఱవాండ్రుగా నున్నప్పుడు కాలము పారవేసిన తుక్కు ఎట్టిది? పాడైన సెల్‌ఫోను. దానిని విప్పినచో లోపల ఆవగింజకంటె చిన్న భాగములు. సోల్డరింగు కడ్డీ కొన అంత సన్నము కాదు, కన్ను చాలదు. విప్పుటకు వీలులేని తుక్కు దొరకిన తరమునకు ఈ విద్య ఎట్లబ్బును? సరిగా ఆ యేండ్లలోనే దిల్‌సుఖ్‌నగర్ వీథులలో కంప్యూటరు శిక్షణాలయములు వెలసినవి. మా పిల్లలు, చేతులు చుఱుకైనవారు, అందు కూర్చుండిరి; అటనుండియే అమెరికాకు పోయిరి. తప్పు పట్టుటకు మేమెవరము? ఫీజులు కట్టినది మేమే.

ఆ గోతిపై మా నగరములోనే ఒకరు వంతెన వేయజూచిరి. హైదరాబాదువాసి ఆష్‌హర్ ఫర్హాన్ గారు ఇరువదేండ్లకు పూర్వము 'బిట్‌ఎక్స్' అను హామ్ యంత్రమునకు పటము గీసి లోకమునకు ఉచితముగా ఇచ్చిరి. దాని గొప్ప ఏమనగా, అందులోని భాగములన్నియు మన ఊరి అంగళ్ళలో దొరకునవి, మామూలు చేతితో సోల్డరు చేయదగినవి. తీగ చుట్టుటకు ప్రత్యేకమైన చక్రము దొరకనిచో కుళాయి వాషరు చాలునని ఆయన చూపెను! గుజరాతీ గల్లీలో దొరకనిది సానిటరీ దుకాణములో దొరకినది. తరువాతి కాలములో తయారైన అట్టలకు హైదరాబాదు స్త్రీల బృందమొకటి తీగలు చుట్టినది. మా తెగలో నడివయస్సువారు ఒకరిద్దరున్నారనిన, వారు ఈ వాషరుదారిని వచ్చినవారే.

అమెరికాకు పోయినవారిలో కొందరు అచ్చట లైసెన్సు తీసికొనిరి. ఆ దేశమున వయస్సు నియమము లేదు. 2007 ఫిబ్రవరి నుండి మోర్సు పరీక్షయు లేదు. మా మిత్రులొకరి కుమారుడు అట్లే హామ్ అయ్యెను. తండ్రీ కొడుకులు దినమును విడువక వాట్సాపులో ముఖములు చూచుకొని మాటలాడుకొందురు. ఐనను ఒక సాయంకాలము 14 మెగాహెర్ట్‌జులపై ఆ పిల్లవాని గొంతు, చెరువు అవతలిగట్టునుండి పిలిచినట్లు, లేచుచు మునుగుచు వచ్చినది. నాలుగు నిమిషములు నిలిచి పోయెను. "ఫోన్లో మా వాడు మాట్లాడతాడు, ఇవాళ మా వాడు వచ్చాడు" అని తండ్రి మాతో అనెను.

ఇక చిన్నవారు. 1978 నాటి నియమములు 12 ఏండ్లు నిండినవారికి లైసెన్సు ఈయవచ్చునన్నవి. 2009 సవరణ ప్రకారము మొదటి తరగతికి మోర్సు అక్కఱలేదు. ఇబ్రహీంపట్నము దారి, సాగర్ దారి కళాశాలల పిల్లలు వచ్చుచున్నారు. వీరి తుక్కు ఏమనగా, కంప్యూటరులో టెలివిజన్ చూచుటకై చేసిన బొటనవ్రేలంత బిళ్ళ. అది నానావిధ రేడియో తరంగములను పట్టునని 2012 ప్రాంతమున ఎవరో కనిపెట్టిరి. పిల్లలు దానిని గ్రుచ్చి తెరమీద తరంగములను రంగులలో చూచుచున్నారు. వింతయేమో గాని, తెరమీద చూచినవానికే వాల్వుపై మోజు ఎక్కువ. 40 ఏండ్లవాడు మా గదికి వచ్చి "ఇంకా ఇవి పని చేస్తాయా?" అనును. 14 ఏండ్లవాడు వచ్చి "ఇది ఎలా పని చేస్తుంది?" అనును.

అట్టివాడొకడు కొత్తపేటనుండి సైకిలు త్రొక్కుకొని వచ్చును. తొమ్మిదవ తరగతి. తొలిసారి వచ్చిననాడు తంతి పెద్దగారు పాత రిసీవరు మీట వేసిరి. చప్పుడు లేదు. పిల్లవాడు కొంచెము సేపు చూచి, "పాడైపోయిందా తాతా?" అనెను. "పాడు కాలేదురా బాబూ, కాగుతున్నది" అని ఆయన అనెను. అర నిమిషమునకు వాల్వులు ఎఱ్ఱబడి, ముందు గుయ్యిమని, తరువాత ఎవరిదో గొంతు వచ్చెను. మీట వేయగనే పలుకు వస్తువులనే తప్ప ఎఱుగని బిడ్డ! కాగుట అనునది రేడియోకును కలదని అతనికి ఆనాడు తెలిసినది.

అతనికి ఆయన నేర్పు మొదటి పాఠము పాత పెట్టెను తటాలున కరెంటునకు తగిలింపరాదని. ముప్పదేండ్లు పలుకక పడియున్న పెట్టెలో కండెన్సర్లు ఎండియుండును. ఒక్కుమ్మడిగా వోల్టులు పడిన పేలును. అందుచేత మా మెకానిక్కులు నేర్పిన సిరీసు బల్బు. 60 వాట్ల తీగబల్బు ఒకటి దారిలో తగిలించి మీట వేయవలెను. బల్బు నిండుగా వెలిగినదా, లోపల ఎచ్చటనో షార్టు. ముందు వెలిగి మెల్లగా మసకబారినదా, పెట్టెకు ఆయువున్నది. (ఆ తీగబల్బులును ఇప్పుడు దొరకుట కష్టమైనది; మేము డజను కొని దాచితిమి.) రెండవ పాఠము, ఎడమచేయి జేబులో. ట్రాన్స్‌మిటరులోని 807 వాల్వు నెత్తిమీది టోపీవద్ద 600 వోల్టులుండును. రెండు చేతులు పెట్టినచో కరెంటు ఒక చేతినుండి వేరొకచేతికి గుండెమీదుగా పోవును. పిల్లవాడు జేబులేని నిక్కరుతో వచ్చిననాడు ఆయన వానిని యంత్రము ముట్టనీయలేదు.

ఇంత జాగ్రత్తకు వెనుక ఒక దుఃఖము కలదు. కొన్నేండ్ల క్రిందట మా మిత్రులలో ఒకాయన కాలము చేసెను. నలువదేండ్లు కూర్చిన సామాను ఒక గదినిండ. పిల్లలు దూరదేశమున. ఇల్లాలు ఫ్లాటునకు మారవలసివచ్చెను. అచ్చటివారు పైకప్పున తీగ కట్టనీయరు, అయినను కట్టువారెవరు? లైసెన్సు లేనిదే వైర్‌లెస్ యంత్రమును దగ్గర నుంచుకొనుటయే నేరముగా చేసిన 1933 నాటి చట్టమును గూర్చి భర్త నోట వినియున్నది గనుక ఆమెకు భయము కూడ పట్టుకొనెను. తోపుడుబండివాడు తూకమువేసి తీసికొనిపోయెను. మాకు తెలిసి మరుసటి గురువారము జుమేరాత్ బజారునకు పరుగెత్తితిమి. ట్రాన్స్‌ఫార్మర్లు అప్పటికే రాగికొఱకు పగులగొట్టబడినవి. వాల్వుల గాజుపెంకులు కాళ్ళక్రింద నలుగుచుండెను. దొరకినదొకటే, ఒక అల్యూమినియపు పలక. దానిమీద మా మిత్రుని ముత్యములవంటి అక్షరములు: 'ముట్టరాదు. 600 వోల్టులు.' ఇరువది రూపాయలకు కొని తెచ్చితిమి. ఆమెను మేమేమనగలము? ఏది ఎందుకో, ఎవరిని పిలువవలెనో ఆమెకు చెప్పియుంచనిది ఆయన. చెప్పుమని అడుగనిది మేము.

ఆ గురువారమునుండి మావారిలో పెద్దలు చీటీలు వ్రాయుచున్నారు. తంతి పెద్దగారు తమ పెట్టెలన్నిటికిని వ్రాసిరి: ఇది రిసీవరు, ఎవరైనను ఉంచుకొనవచ్చును; ఇది ట్రాన్స్‌మిటరు, లైసెన్సు గలవారికే ఈయవలెను; ఈ డబ్బాలోని వాల్వులు మంచివి; ఈ డబ్బాలోనివి చూచుటకు మాత్రమే. తెలుగులో, పెద్ద అక్షరములతో, ఇల్లాలి అద్దములకు ఆనునట్లు. ఒక పెట్టె చీటీమీద మాత్రము పేరు వ్రాయక ఖాళీ విడిచిరి. కొత్తపేట పిల్లవాడు వచ్చే పరీక్షకు దరఖాస్తు పెట్టినాడు. లెక్కలలో చుఱుకు, నియమావళి కంఠస్థము చేయుటలో బద్ధకము. చూడవలెను.

మా మాటలు మీరును వినవచ్చును. మీ యింట షార్టువేవు గల పాత రేడియో ఉన్నచో — అటకమీద నున్నదైనను సరే, కాని ముందు సిరీసు బల్బు మరువకుడు — ఆదివారము ఉదయము ముల్లును 41 మీటర్ల గుర్తువద్ద నిలిపి, అచ్చటినుండి మెల్లగా 42 దాపునకు జరుపుడు. బాతు అరచినట్లు వినబడినచో అవి క్రొత్త యంత్రములవారి మాటలు. మీ పెట్టెకు అర్థము కావు. వానినడుమ మామూలు మనుష్యుని గొంతు, కొంచెము గరగరతో, తెలుగులో "వినబడుచున్నదా, ఎంత బలముగా వినబడుచున్నది?" అని అడుగుచున్నచో అది మావారిలో ఎవరో వాల్వుపెట్టెను కాగబెట్టి కూర్చున్నారన్నమాట. అర నిమిషము ఓపిక పట్టుడు. మీ పెట్టెయు కాగవలెను గదా.